బియ్యం డబ్బాలో ఫోను

ఆ రోజు పొద్దున్నే, ఊరి చర్చిలో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి కృపాదానం పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. గుడి మైకులో తిరునాళ్ళ పాటలు వేసి, ఇంటికొచ్చి ఫోనును బియ్యం డబ్బాలో దాచి, నింపాదిగా గడ్డం గీసుకుని, ఆ తర్వాత భార్య పాపమ్మతో జెరూసలేం ప్రయాణం గురించి తీరిగ్గా మాట్లాడుకోవాలనుకున్నాడు. పాటలు వేశాడు. ఫోను దాచాడు. గడ్డం సగం గీశాడు. అంతవరకూ అంతా సవ్యంగానే ఉంది.

ఫోనుకి బియ్యం డబ్బాలో ఏం పనంటారా? ఎండాకాలంలో ఒకరోజు పాపమ్మ వంటింట్లో నిలబడి, "ఈ కుక్కరు విజిలెయ్యటం మానేసిందయ్యా, కొత్తది కొనాల," అంది. అన్నది ఆ ఒక్క మాటే. కాసేపటికి కృపాదానం ఫోను తెరిస్తే అందులో కుక్కర్లు బారులు తీరి ఉన్నాయి. స్టీలువి, నల్లవి, పొట్టివి, పొడుగువి.

"ఏమే, అమెరికాలో కూర్చున్నోడికి మన కుక్కరు సంగతి ఎవరు చెప్పారే?"

"నేనెవరికీ చెప్పలేదయ్యా," అంది పాపమ్మ, ఏదో తప్పు చేసినదానిలా.

"నువ్వు చెప్పక్కర్లా. ఇది వింటా ఉంది. మనం అన్నం తింటంటే వింటది, పోట్లాడుకుంటంటే వింటది. అంతా తీసుకెళ్ళి ఆ కంపెనీలోళ్ళ చెవిన వేస్తది."

కొత్త కుక్కరు కొన్నాక కూడా ఫోను కుక్కర్లు చూపించడం మానలేదు. దాంతో కృపాదానానికి అనుమానం కాస్తా నమ్మకమైపోయింది. ముందు ఫోనుకి తువ్వాలు చుట్టి చూశాడు. తర్వాత పరుపు కింద తోశాడు. ఆఖరికి మందపాటి రేకు డబ్బాలో, బియ్యం మధ్య పాతిపెట్టి మూత బిగిస్తే గానీ ఆయన ప్రాణం కుదుటపడలేదు. ఎంత లావు కంపెనీ అయినా బస్తా బియ్యాన్ని దాటుకుని వినలేదని ఆయన లెక్క. అప్పుడప్పుడు మూత తీసి, ఎవరైనా ఫోను చేశారేమోనని చూసుకుని, మళ్ళీ పాతేసేవాడు. ఆయనతో అవసరం పడ్డవాళ్ళు ఫోను మీద ఆశ వదులుకుని నడిచే వచ్చేవాళ్ళు.

జెరూసలేం మాట మొదలయ్యాక ఈ కట్టడి ఇంకా బిగిసింది. నరసరావుపేటలో టీచరుగా పనిచేస్తున్న కూతురు చిన్నారి, అమ్మానాన్నల్ని పుణ్యక్షేత్ర యాత్రకి పంపాలని పట్టుబట్టి, గుంటూరు నుంచి క్రిస్మస్ వెళ్ళాక బయలుదేరే బృందంలో ఇద్దరి పేర్లూ రాయించింది. పాస్‌పోర్టులకి అర్జీ పెట్టింది. ఇక పోలీసులు ఇంటికొచ్చి విచారణ చేసి వెళ్ళడమే మిగిలింది. ఆ రిపోర్టు ఈ వారంలో అందకపోతే పేర్లు తీసేస్తామని యాత్రవాళ్ళు ముందే చెప్పారు.

కృపాదానానికి తన గురించి అంత బెంగ లేదు. పాపమ్మ గురించే. జపమాల చేతికొచ్చిన వయసు నుంచీ బెత్లెహేం, నజరేతు అంటూ ఆ ఊళ్ళ పేర్లు తలుచుకోకుండా ఆమె నిద్రపోయింది లేదు. మోకాళ్ళు ఏడాదికేడాది మొరాయిస్తున్నాయి. ఇప్పుడు చూడకపోతే ఇక చూడదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు.

మరి ఇంత మంచి సంగతి ఊళ్ళో ఎందుకు దాచాలి? గంగిరేగులపాడు సంగతి తెలియనివాళ్ళు అడిగే ప్రశ్న ఇది. ఒకసారి గుణదల మాత తిరునాళ్ళకి వెళుతున్నానని కృపాదానం ఒక్క మనిషితో అన్నాడు. బయలుదేరే రోజు ఇంటి ముందు ట్రాక్టరు ఆగి ఉంది, ట్రక్కు నిండా జనం. రాలేనివాళ్ళు కొవ్వొత్తులు, మొక్కుబడులు, ఎదురింటావిడైతే జబ్బుచేసిన గేదె మెడ తాడు, ఆయన చేతికిచ్చి పంపారు. అలాంటిది జెరూసలేం అని తెలిస్తే ఇంటికో సీసా యొర్దాను నది నీళ్ళు తెమ్మంటారు. విమానం వాళ్ళు ఆయన్ని దించేసి సీసాల్ని ఎక్కించుకోవాల్సి వస్తుంది.

అందుకని ఇంట్లో ఒక నియమం పెట్టాడు. ఫోను దగ్గర గానీ, ఫోనులో గానీ పాస్‌పోర్టు అనకూడదు, జెరూసలేం అనకూడదు. 'ఆ సంగతి' అనాలి, 'ఆ ఊరు' అనాలి. చిన్నారి పగలబడి నవ్వింది గానీ తండ్రి మాట కాదనలేక ఒప్పుకుంది.

ఇక మైకు. పోయిన క్రిస్మస్‌కి ఎవరో భక్తులు గుడికి కొత్త యాంప్లిఫయరు ఇచ్చారు. వైరు లేకుండానే ఫోనుతో కలుస్తుంది. ఫోనులో పాట నొక్కితే హారన్లలో వినిపిస్తుంది. తిరునాళ్ళ కోసమని గుడి మీది హారన్లు రెండూ విప్పి, ఒకటి బస్టాండు సెంటరులో, ఇంకొకటి ఊరి చివర బండలాగుడు పోటీలు జరిగే మైదానంలో కట్టారు. యాంప్లిఫయరు మాత్రం మైకు గదిలోనే ఉంది. ఆ గదికీ కృపాదానం ఇంటికీ మధ్య ఒకటే గోడ. పాటలు అయ్యాక ఫోనుకీ మైకుకీ ఉన్న బంధం తెంపాలన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఇన్నాళ్ళూ ఏ ప్రమాదమూ జరగలేదంటే అది రేకు డబ్బా పుణ్యమే. ఫోను అందులో పడగానే బంధం దానంతటదే తెగిపోయేది. బయటికి తీస్తే మళ్ళీ కలిసేది.

ఆ పొద్దున, గడ్డం సగం గీసుకున్నాక, కృపాదానానికి ఎందుకో మనసు ఆగక మూత తీసి చూశాడు. చిన్నారి దగ్గర్నుంచి మాట రికార్డు చేసిన సందేశం వచ్చి ఉంది. నొక్కాడు. ఏమీ వినపడలేదు. చెవికి ఆనించి మళ్ళీ నొక్కాడు. లేదు. పక్కనే కారం మిల్లు గిర్రున తిరుగుతోంది, దాని హోరులో వినపడటం లేదేమోనని దొడ్లోకి వెళ్ళి మూడోసారి నొక్కాడు. చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు.

"చూశావటే, బిడ్డ మాట కూడా మింగేశారు దొంగనాయాళ్ళు," అన్నాడు పళ్ళు నూరుతూ.

"ఫోన్ చేసి అడగొచ్చుగా?" అంది పాపమ్మ.

అడిగాడు. ఫోను కాల్ మాత్రం శుభ్రంగా చెవిలోనే వినపడింది.

"అదే నాన్నా నేను పంపింది," అంది చిన్నారి హడావుడిగా. "పోలీసులు ఇయ్యాలే వస్తారంట, ఆ సంగతికే. మీ గురించి చెప్పటానికి సాక్షులు ఇద్దరు కావాల. మాట్లాడి పెట్టు. నాకు క్లాసుంది, ఉంటా."

కృపాదానం రెండో చెంప గబగబా గీసేసి, ఫోనును బియ్యంలో పాతి, తెల్లచొక్కా తొడుక్కుని సాక్షుల కోసం బయలుదేరాడు. తను మూడుసార్లు నొక్కిన సందేశం ఎటు వెళ్ళిందో ఆయనకి తెలియదు. పాఠకులకి ఈపాటికి తెలిసే ఉంటుంది.

బస్టాండు సెంటరులో జహీర్ టీకొట్టు ముందు రెండు బెంచీలున్నాయి. ఒకదాని మీద గోపీచంద్, ఇంకోదాని మీద వెంకట్రామయ్య, ఒకరికొకరు వీపు పెట్టి కూర్చుని టీ తాగుతున్నారు. ఇద్దరూ మోతుబరి రైతులు, ఇద్దరికీ పోటీ ఎద్దులున్నాయి. పోయినేడు తిరునాళ్ళలో బండ సున్నపు గీత దాటిందా లేదా అన్న దగ్గర మాట మాట పెరిగి, కుర్చీలు గాల్లోకి లేచి, రెండు వర్గాల మీదా కేసులు పడ్డాయి. గురజాల కోర్టులో అవి ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అప్పట్నుంచీ వాళ్ళిద్దరికీ మాటల్లేవు. రేపటి పోటీలకి ఇద్దరినీ ఒప్పించేసరికి తిరునాళ్ళ కమిటీకి తలప్రాణం తోకకొచ్చింది.

సరిగ్గా వాళ్ళ నెత్తి మీదున్న హారన్లోంచి ఒక ఆడపిల్ల గొంతు గరగరలాడుతూ మొదలైంది.

"నాన్నా, నేనే. పోలీసులు ఇయ్యాలే వస్తారంట. ఇందాకే స్టేషన్ నుంచి చెప్పారు. ఆ సంగతే, పేరు చెప్పను. ఊళ్ళోంచి ఇద్దరు మనుషులు కావాలంట. కాస్త పేరున్నోళ్ళను చూసి పెట్టు. ఎవరికీ చెప్పమాక."

టీకొట్టు చుట్టూ గ్లాసులన్నీ నోటి దగ్గర ఆగిపోయాయి. గోపీచంద్ ఆలోచించాడు. తన కూతురు భవ్య గుంటూరు హాస్టల్లో ఇంకా నిద్ర కూడా లేచి ఉండదు. కాబట్టి ఇది వెంకట్రామయ్య కూతురు యశస్విని గొంతు. అంటే పోలీసులకి తనను అప్పజెప్పడానికి ఏర్పాటు జరుగుతోంది. ఆ పక్క బెంచీ మీద వెంకట్రామయ్య కూడా ఇదే లెక్క వేశాడు, కాకపోతే పేర్లు తారుమారు. ఊళ్ళో పేరున్నవాళ్ళంటే తామిద్దరే కదా అన్న విషయంలో మాత్రం ఇద్దరికీ ఏకాభిప్రాయమే.

"అసలు మైకులోకి ఎట్టా వచ్చిందంటా ఆ మాట?" అన్నారెవరో.

"ఇయ్యాల రేపు ఫోన్లు ఎక్కడెక్కడ కలుస్తన్నయ్యో ఎవడికి తెలుసు?" అన్నారింకెవరో. ఆ జవాబు అందరికీ సరిపోయింది.

రెండోసారి గొంతు వినపడేసరికి సగం మంది లేచారు. మూడోసారికి బెంచీలు ఖాళీ. పల్నాడులో పోలీసులొస్తున్నారన్న మాట వినపడ్డాక తప్పు చేశామా లేదా అని ఎవరూ కూర్చుని ఆలోచించరు, ముందు చేలో పడి తర్వాత ఆలోచిస్తారు. గోపీచంద్ టీ గ్లాసు చేత్తో పట్టుకునే బండెక్కాడు. వెంకట్రామయ్య పంచె ఎగగట్టి కాలినడకన పరుగందుకున్నాడు. వాళ్ళ వాళ్ళు, ఆ వాళ్ళ వాళ్ళు, ఏ కేసూ లేని వాళ్ళు, ఎందుకైనా మంచిదని అందరూ మైదానం అవతల కందిచేలలోకి దూరారు. డిసెంబరు కదా, కంది మనిషెత్తు ఉంది.

ఇదేమీ తెలియని కృపాదానం ముందుగా గుడిలో పాటలు పాడే బెంజిమిన్ ఇంటికి వెళ్ళాడు. వాకిట్లో బెంజిమిన్ చెప్పులున్నాయి, బండి ఉంది.

"బెంజిమిన్ ఉన్నాడామ్మా?"

"లేడన్నా. అద్దంకి పోయాడు," అంది అతని భార్య తలుపు సందులోంచి.

"చెప్పులు ఇక్కడే ఉన్నయ్యే?"

"వట్టి కాళ్ళతో పోయాడు."

అటక మీద ఎవరో గట్టిగా తుమ్మారు.

"పిల్లి," అంది ఆమె, తలుపు వేసేస్తూ.

ఇంకో నాలుగు గడపలు తొక్కాడు. ఎవరి మొగుడూ ఇంట్లో లేడు. ఒకడు వినుకొండ, ఒకడు మాచర్ల, ఒకడు ఎక్కడికి పోయాడో పెళ్ళాం ఇంకా ఆలోచిస్తోంది. వీధిలో కోళ్ళు తప్ప మగ అలికిడి లేదు. రేపు తిరునాళ్ళ పెట్టుకుని ఊరికి ఊరే ప్రయాణాలు కట్టడమేమిటో ఆయనకి అంతుబట్టలేదు. చివరికి సెంటరుకి వచ్చేసరికి జహీర్ ఒక్కడే ఉన్నాడు. పొయ్యి మీద పాలు పొంగుకొచ్చి ఉన్నాయి కాబట్టి ఆగాడు గానీ, లేకపోతే అతనూ కందిచేలోనే ఉండేవాడు.

"జహీర్, ఒక చిన్న సాయం చెయ్యాలయ్యా. పోలీసులొస్తే నాకోసం ఒక మాట చెప్పాల."

జహీర్ చేతిలో గరిటె జారింది.

"వద్దన్నా. నాకు చిన్నపిల్లలున్నారు."

"నీ పిల్లలకేందయ్యా మధ్యలో?"

"నీకు తెలవదా? మైకులో చెప్పారుగా, మూడుసార్లు! పోలీసులొస్తారంట, పేరున్నోళ్ళు ఇద్దరు కావాలంట, ఎవరికీ చెప్పమాక అని. ఎవరో ఆడపిల్ల."

కృపాదానం గబుక్కున బెంచీ మీద కూర్చున్నాడు. ఒక్కో మాటా అడిగి చెప్పించుకున్నాడు. సందేహం లేదు, అది చిన్నారి పంపిన మాటే. తన ఫోనులో వినపడని మాట ఊరంతటికీ వినపడిందంటే, అర్థం ఒకటే. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని ఆకాశం వంక చూశాడు.

"ఎంత పగబట్టారయ్యా," అన్నాడు. "బియ్యంలో దాచానని కోపమొచ్చి, ఆ కంపెనీలోళ్ళు మన మైకులోనే చెప్పేశారు."

జహీర్ కూడా అది నిజమే అయి ఉంటుందన్నట్టు తలూపాడు. కాలమలా ఉంది మరి.

తప్పు కంపెనీలదే అయినా, దిద్దుకోవాల్సింది తనే కదా. కృపాదానం మైకు గదికి పరుగెత్తి వైరు మైకు చేతిలోకి తీసుకున్నాడు. జనం భయం పోవాలి, అసలు సంగతి బయటపడకూడదు. ఈ రెండూ ఒక్క ప్రకటనలో సాధించాలని చూశాడు.

"ప్రియ సహోదరులారా! పోలీసులొస్తన్న మాట నిజమే. ఎవరూ కంగారు పడొద్దు. వాళ్ళకి కావాల్సింది ఇద్దరే. కాసేపు కూర్చోబెట్టి, సంతకం పెట్టించుకొని వదిలేస్తారు. పెద్దమనుషులు తమంతట తామే వస్తే మంచిది. ఆధార్ కార్డు తెచ్చుకోండి."

ఉపదేశి చేత పోలీసులే దగ్గరుండి చెప్పిస్తున్నారని కందిచేలో అందరికీ అర్థమైపోయింది. చేను మొదట్లో ఉన్నవాళ్ళు మధ్యలోకి జరిగారు. ఇంతవరకూ పారిపోని వాళ్ళు కూడా ఇప్పుడు బయలుదేరారు. బెంజిమిన్ అటక దిగి దొడ్డిదారిన పడ్డాడు. కారం మిల్లు నడిపేవాడు మోటారు ఆపి, తాళం కూడా వేయకుండా పోయాడు. జహీర్ పొయ్యి ఆర్పేశాడు.

కృపాదానం ఇంటికొచ్చి కూలబడ్డ కాసేపటికి వాకిట్లో స్కూటీ ఆగింది. యూనిఫాంలో ఉన్న అమ్మాయి హెల్మెట్ తీసి లోపలికొచ్చింది. పేరు నజీమా అని, స్టేషన్ నుంచి పాస్‌పోర్టు విచారణకి వచ్చానని చెప్పింది. మనిషి నెమ్మదస్తురాలు. పాపమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, కార్డులు చూసి, అడగాల్సినవి అడిగింది. అంతా సరిగ్గానే ఉంది.

"ఇంక సాక్షులు ఇద్దర్ని పిలవండి బాబాయి. ఏంది, ఊళ్ళో ఒక్క మగమనిషీ కనపళ్ళా? ఎవరిదన్నా పెళ్ళా?"

కృపాదానం తువ్వాలు తీసి భుజం మార్చుకున్నాడు.

"వాళ్ళంతా... పనుల మీద పోయారమ్మా. నేను మంచోణ్ణే. ఇన్నేళ్ళుగా గుడిలో చేస్తన్నా."

"మీరు మంచోళ్ళని మీరే చెప్తే నేను రాసుకోటానికి లేదు బాబాయి."

పాపమ్మ లేచి ఎదురింటావిడని పిలిచింది. ఆవిడ గుమ్మం దాటలేదు. "పోయినేడు కుర్చీల గొడవప్పుడు ఒక కాగితం మీద వేలిముద్రేశానక్కా. ఇప్పటికీ గురజాల తిప్పుతన్నారు. ఈ జన్మకి ఇంక దేని మీదా వెయ్యను," అని అక్కడినుంచే దణ్ణం పెట్టింది. మిగతా ఆడవాళ్ళదీ అదే మాట.

నజీమా గడియారం చూసుకుంది. ఇంకా రెండు ఊళ్ళు తిరగాలట. సాక్షులు దొరకలేదని రాస్తే అర్జీ వెనక్కి పోతుంది, మళ్ళీ తిరిగొచ్చేసరికి ఎన్నాళ్ళు పడుతుందో తను చెప్పలేనంది. ఆమె ఆ మాట కటువుగా ఏమీ అనలేదు.

పాపమ్మ మోకాళ్ళు పట్టుకుని గడప మీద మెల్లగా కూర్చుంది.

"పోనీలేయ్యా," అంది. "గుడిలో పటం ఉందిగా. ఆ ఊళ్ళు అందులో చూసుకుందాం. ఇన్నాళ్ళూ చూసుకోలా?"

ఆమె తిట్టి ఉంటే ఆయనకి తేలిగ్గా ఉండేది. పెళ్ళయిన నాటి నుంచీ ఏదీ అడగని మనిషి ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంది. అది కూడా తన చేతకానితనంతో చేజారిపోతోంది. కృపాదానానికి ఏడుపొచ్చినంత పనైంది. చిన్నారికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియకపోయినా, చెప్పక తప్పదు గనుక లేచి బియ్యం డబ్బా మూత తీశాడు. మోచేతి దాకా చెయ్యి దించి ఫోను బయటికి లాగాడు. గింజలు జలజలా రాలాయి.

నజీమా ఆసక్తిగా చూసింది. "నీళ్ళల్లో పడిందా బాబాయి?"

"లేదమ్మా. వింటా ఉంటదని."

నజీమా డబ్బా వంకా, ఆయన వంకా చూసి మజ్జిగ గ్లాసు పక్కన పెట్టింది.

ఫోనులో చిన్నారి చేసిన కాల్స్ చాంతాడంత ఉన్నాయి. ఒక్కటీ ఎత్తలేదని కోపంతో కాబోలు, మళ్ళీ మాట రికార్డు చేసి పంపింది. కృపాదానం నొక్కాడు. చప్పుడు లేదు.

"చూడమ్మా, నువ్వు పోలీసువి, నువ్వే చూడు. మళ్ళీ మింగేశారు!" అంటూ రెండోసారి నొక్కాడు.

గడప మీదున్న పాపమ్మ తలెత్తింది. కారం మిల్లు ఆగిపోయి ఊరంతా సద్దుమణిగి ఉంది. మైదానం వైపు నుంచి, చేల మీదుగా, గాలివాటున ఏదో తేలి వస్తోంది.

"ఏమయ్యా, అది మన చిన్నారి గొంతులా లేదూ?"

ముగ్గురూ చెవులు రిక్కించారు. కృపాదానానికి తెలియకుండానే వేలు మూడోసారి నొక్కింది. ఈసారి మాట మాటా వినపడింది.

"నాన్నా, ఫోన్ ఎత్తవేంది? మళ్ళీ బియ్యంలో పెట్టావా? ఇంక నీ దొంగ మాటలు నా వల్ల కాదు. జెరూసలేం అంటా, పాస్‌పోర్టు అంటా, ఎవడు వింటే నాకేంది! వచ్చేది పోలీసామె ఒక్కతే. మీరిద్దరూ ఎట్టాంటోళ్ళో ఊళ్ళో అడిగి రాసుకుని పోద్ది, అంతే. గోపీచంద్ బాబాయినీ, వెంకట్రామయ్య పెదనాన్ననీ పిలువు. ఎద్దుల కాడ కొట్టుకుంటే కొట్టుకున్నారు గానీ, అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు రాత్రంతా ఆస్పత్రిలో కూర్చుంది వాళ్ళిద్దరే. వాళ్ళకన్నా మంచోళ్ళు మనకెవరున్నారు? తెలిస్తే ఇంటికో సీసా నీళ్ళు తెమ్మంటారని భయపడమాక. తెమ్మంటే తెద్దువులే. అమ్మ ఆ ఊళ్ళు చూడాల. నాకు కావాల్సింది అంతే."

నజీమా ఫోను అందుకుని చూసింది. "బాబాయి, ఇది గుడి మైకుకి కలిసుంది."

"అవునమ్మా, పొద్దున పాటలకి నేనే కలిపా."

"మరి తీసెయ్యలేదా?"

"తీసెయ్యాలా?" అన్నాడు కృపాదానం.

అన్నాక, ఆ పొద్దుటి నుంచీ జరిగిందంతా ఒకటొకటిగా కళ్ళముందు కదిలింది. కంపెనీలు చేసిందేమీ లేదు. ఊరంతటికీ చాటింది తన వేలే. ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకుని మంచం మీద కూర్చుండిపోయాడు. పాపమ్మ మాత్రం గడప మీద కూర్చుని, ఎన్నాళ్ళకో, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది.

ముందుగా వచ్చింది గోపీచంద్ బండి. వెనక కూర్చున్నది వెంకట్రామయ్య. ఏడాదిగా మొహాలు చూసుకోని మనుషులు ఒకే బండి మీద దిగేసరికి ఎదురింటావిడ గుమ్మం దాటి వచ్చి మరీ చూసింది. జరిగిందేమంటే, ఇద్దరూ ఒకే కందిచేలో, ఒకే సాలులో ఎదురుబొదురు తగిలారు. "మీ అమ్మాయే గదా చెప్పింది?" "మా అమ్మాయా? మీ అమ్మాయి కాదూ?" అంటూ తగువు మొదలై, సగంలో ఉండగా హారన్లో రెండో సందేశం వచ్చింది. తమకన్నా మంచివాళ్ళు లేరని ఊరంతా వినేలా చెప్పాక, ఇక తగువులాడటం ఇద్దరికీ మర్యాద అనిపించలేదు.

గోపీచంద్ జుట్టు నిండా కంది ఆకులున్నాయి, చేతిలో జహీర్ టీ గ్లాసు ఇంకా అలాగే ఉంది.

"ఏందన్నా నువ్వు!" అన్నాడు కృపాదానంతో. "జెరూసలేం పోతా మాతో చెప్పవా? మేం పరాయోళ్ళమా? రాసుకోమ్మా, ముందు నా పేరు రాసుకో. అమ్మాయి ముందు చెప్పింది నా పేరే."

"వయసులో పెద్దోణ్ణి నేను," అన్నాడు వెంకట్రామయ్య. "ముందు నాది."

నజీమా ఇద్దరి మొహాల్లోకీ తేరిపార చూసింది. "పోయినేడు తిరునాళ్ళ కేసులో ఉన్నది మీరే కదూ?"

ఇద్దరి చూపులూ ఒకేసారి బండి తాళం మీదకి పోయాయి.

"నేనొచ్చింది వీళ్ళ కోసం. మీ కోసం కాదు," అంది నజీమా. "కృపాదానం గారు ఎట్టాంటోరో చెప్పండి చాలు."

హమ్మయ్యనుకున్నారు. ఆ ఊపులో కృపాదానం గురించి ఇద్దరూ పోటీపడి చెప్పిన మంచి అంతా రాస్తే ఆమె దగ్గరున్న కాగితం చాలేది కాదు. ఆయన తెల్లమొహం వేసుకుని విన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని పొగిడినవాళ్ళు లేరు మరి. సంతకాలు అయ్యాయి. నజీమా హెల్మెట్ పెట్టుకుంటూ, "ఇయ్యాలే పంపించేస్తా పిన్నీ. ఆ ఊళ్ళో మెట్లెక్కువంట, బాబాయి చెయ్యి వదలమాక," అని స్కూటీ ఎక్కింది. పాపమ్మ సిలువ గుర్తు వేసుకుంది. కృపాదానం గుండెల మీది బండ దిగింది. ఏ ఎద్దుల జతా లాగలేనంత బరువుంది అది.

ఇక మొదలైంది జనం రావడం. కందిచేను మొత్తం వాకిట్లోకి వచ్చింది. భయపడ్డట్టే అందరూ యొర్దాను నీళ్ళు అడిగారు. బెంజిమిన్ మాత్రం సీసా వద్దని, క్యాను తెచ్చాడు. జహీర్ తన గ్లాసు తను తీసుకుని, "అన్నా, అక్కడ మా పెద్ద మసీదు కూడా ఉందంట. నా తరఫున ఒక సలాం పెట్టు, దానికి బరువుండదుగా," అన్నాడు. ఎదురింటావిడ గేదె మళ్ళీ జబ్బుపడిందట, తాడు తెస్తానని వెళ్ళింది. అందరికీ సరే, సరే అంటూ పోయాడు కృపాదానం. ఈసారి ఆ సరే అనడంలో ఆయనకి కష్టమేమీ అనిపించలేదు, పైగా ఊరంతా తనతో వస్తున్నట్టే ఉంది.

సాయంత్రం ఆయన అలవాటుగా ఫోను పట్టుకుని బియ్యం డబ్బా దగ్గరికి వెళుతుంటే పాపమ్మ కేకేసింది.

"ఊరికంతా చాటింపేశాక ఇంక ఎవరికి దాస్తావయ్యా? ఇట్టా పెట్టు. అన్నంలో ఆ ఫోను మీంచి ఊడిన అద్దం పెచ్చులు ఏరలేక చస్తన్నా."

ఆయన ఫోనును మంచం మీద, ఇద్దరి మధ్యా పెట్టాడు. చీకటి పడేదాకా ఇద్దరూ గొంతు తగ్గించకుండా మాట్లాడుకున్నారు. జెరూసలేం అన్నారు, బెత్లెహేం అన్నారు, విమానమన్నారు, స్వెట్టర్లన్నారు, పాస్‌పోర్టు అన్న మాటనైతే ఆయన పనిగట్టుకుని ఫోను దగ్గర నోరు పెట్టి మరీ నాలుగుసార్లు అన్నాడు. ఎన్నాళ్ళుగానో బిగబట్టిన మాటలన్నీ అలా బయటికొచ్చాక ప్రాణం తెరిపిన పడింది. వింటే విననీ అనుకుని, ఏం విన్నదో చూద్దామని ఫోను తెరిచాడు.

కుక్కర్లు. ఈసారి తగ్గింపు ధరకి.